ఏడో గట్టు ఊపిరి పుస్తకం

రెండో రోజు

తొలి ఉప్పు లాగి ఇవాళ్టికి రెండో రోజు. ఈ పుస్తకంలో రోజుల లెక్క అక్కడి నుంచే. పాత పుస్తకం వానాకాలంతో నిండిపోయింది.

పగలు మా గట్టు మీది పడకసాలలో పడుకున్నవాళ్ళు నూట పన్నెండు మంది. వాళ్ళలో నొప్పి పట్టీ ఉన్నవాళ్ళు ముప్పై ఎనిమిది. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ఒక్కొక్కరి పక్కనా నిమిషం కూచుని ఊపిరి లెక్కపెట్టాను. అందరికన్నా తక్కువ పదమూడు. పది కన్నా తగ్గితే సాల చివర మాట్లాడే గోడకి చెప్పాలి. ఎనిమిది కన్నా తగ్గితే, చెప్పే ముందే ముక్కుమందు కొట్టాలి. అది పట్టీ మందుని విరిచి మనిషిని లేపుతుంది. గొట్టాలు ఆరు ఉన్నాయి.

మధ్యాహ్నం బయట నలభై ఎనిమిది డిగ్రీలు. సాలలో ముప్పై ఒకటి. కిటికీ తలుపులు మూసే ఉన్నాయి.

పదకొండు మందికి పట్టీ మార్చాను. పాతది ఊడదీసి, జిగురు లోపలికి పోయేట్టు మడిచి, ఇనప డబ్బాలో వేసి తాళం పెట్టాను. మూడు రోజులు వాడేసిన పట్టీలో కూడా మందు మిగిలే ఉంటుంది. పోయిన నెల ఆరో గట్టు మీద మేక ఒకటి చెత్తలో దొరికిన పట్టీ నమిలి, నిలబడ్డ చోటే కూలిపోయింది. అప్పటి నుంచి తాళంచెవి నా మెడలోనే ఉంటోంది.

పట్టీ ఛాతీ మీద గానీ జబ్బ మీద గానీ వెయ్యమని గోడ చెబుతుంది. మా వాళ్ళు ఒప్పుకోరు. నొప్పి నడుములో ఉంటే జబ్బ మీద ఎందుకు వేస్తావని అడుగుతారు. మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుందని మొదట్లో చెప్పి చూశాను. తర్వాత చెప్పడం మానేశాను. మా ఆయన మాలకొండయ్యకి కూడా ఇవాళ నడుము మీదే వేశాను.

ఉప్పుమడిలో వంగి పలకతో ఉప్పు లాగేవాళ్ళకి ముప్పై ఐదేళ్ళకే నడుము పోతుంది. ఇదివరకు గోళీలు మింగి కడుపులు, కిడ్నీలు పాడు చేసుకునేవాళ్ళు. పట్టీలు పోయిన వానాకాలం వచ్చాయి, పని లేని రోజుల్లో. పట్టీ పెట్టుకుని మడిలోకి దిగడం ఇదే మొదలు. రాత్రంతా ఉప్పు లాగొచ్చి మా ఆయన నిటారుగా నడిచి సాలలోకి వచ్చాడు. ఆయన అట్లా నడవగా చూసి తొమ్మిదేళ్ళయింది.

మస్తానమ్మత్త సాల గుమ్మం పక్కన ఇనప మూకుడు పెట్టుకుని ఉప్పు వేడి చేస్తోంది. తొలి ఉప్పు బ్యాటరీ కంపెనీకి పోదు. ఇళ్ళవారీగా పంచుకుని, మూడు వారాలు దాంతో కాపడం పెట్టుకుంటారు. గుడ్డలో మూట కట్టి నడుము కింద పెట్టుకుని పడుకుంటే అది చల్లారేలోపే కన్ను మూతపడుతుంది. పదింటికి అత్త మళ్ళీ వచ్చి మూటలు మారుస్తుంది.

సాయంత్రం ఐదింటికి పనికూత వేశారు. అందరూ లేచారు.

ఐదో రోజు

దశయ్య లేవలేదు.

తొమ్మిదింటికి ఆయన ఊపిరి పదకొండు. అలిసిపోయి ఉంటాడనుకున్నాను. పన్నెండింటికి వెళ్ళేసరికి నోరు తెరిచి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి లేదు. ఒళ్ళు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. వీపు కింద మరీ వెచ్చగా ఉంది.

గోడ ముందు నిలబడి చెప్పాను. గోడ అంటే సాల చివర గోడలో బిగించిన పెట్టె. దాని అవతల పెద్దాసుపత్రి ఉందంటారు. నేనెప్పుడూ చూడలేదు. అది అడుగుతుంది, మేం చెబుతాం.

"మృతుని వయస్సు?"

"అరవై ఒకటి."

"పట్టీ ఏనాడు అతికించితిరి?"

"మొన్న."

"ఇతర ఔషధములు వాడుచుండెనా?"

"లేదు."

"మద్యము?"

"లేదు."

"జ్వరము?"

"లేదు."

"మోతాదు సరిగానే యున్నది. హృదయ వైఫల్యముగా నమోదు చేయుచున్నాము."

మా తమ్ముడు వెంగయ్య వెనక నిలబడి వింటున్నాడు. "మనిషి పోయినా గోడకి శుభలేఖ చదివినట్టే ఉంటది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. దశయ్య మంచి వయసులోనే పోయాడని, నిద్రలో పోవడం అదృష్టమని అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఎండ తగ్గాక గట్టు తూర్పు కొసన పూడ్చారు.

తొమ్మిదో రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పన్నెండుంబావుకి పోలమ్మ ఊపిరి ఏడు. పోలమ్మ మస్తానమ్మత్త చెల్లెలు, నలభై నాలుగేళ్ళు. సాలలో అందరికన్నా గట్టి మనిషి. గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు గురక పెడుతోంది. కాస్త ఆగి మళ్ళీ గురక. ఆ ఆగడం చాలాసేపు ఉంటోంది. పిలిస్తే పలకలేదు. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప గసగసం గింజంత ఉంది.

ముక్కుమందు కొట్టాను. రెండు నిమిషాలకి కళ్ళు తెరిచింది. నన్ను తోసేసింది.

"ఏందే అంకమ్మా, ముక్కులో ఏం పోశావే? మంటెత్తిపోతాంది."

"ఊపిరి తీసుకోవడం ల్యా నువ్వు."

"తీసుకోకుండా ఎట్టా మాట్లాడతన్నానే, పిచ్చిదానా."

మస్తానమ్మత్త వచ్చి మంచినీళ్ళు తాగించింది. పోలమ్మ రెండు మాటలు తిట్టి, పక్కకి ఒత్తిగిలి పడుకుంది. ఊపిరి పదిహేను. పట్టీ తీసేద్దామా అని గోడని అడిగాను. మోతాదు సరిగానే యున్నది, గమనించుచుండుడు అంది. నేను మిగిలినవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఇంకా ఇరవై ఎనిమిది మందిని చూడాలి.

ఒంటిగంటన్నరకి తిరిగొచ్చేసరికి పోలమ్మ పెదాలు నల్లబడ్డాయి. రెండో గొట్టం కొట్టాను. పనిచెయ్యలేదు. ఊపిరి మళ్ళీ రాలేదు.

తర్వాత గోడ చెప్పింది. ముక్కుమందు ముప్పావుగంట, మహా అయితే గంట పనిచేస్తుందట. పట్టీ మందు మాత్రం చర్మం కింద నిలవ ఉండి, గంటల తరబడి ఊరుతూనే ఉంటుందట. ముక్కుమందు బలం అయిపోగానే అది మళ్ళీ మనిషిని కిందికి లాగుతుంది. లేచి మాట్లాడిన మనిషి గండం దాటినట్టు కాదు.

ఆ సంగతి ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. తొలి గొట్టం కొట్టినప్పుడు నేను ఆ ప్రశ్న అడగలేదట.

పదో రోజు

పట్టీలు కొత్త పెట్టెలోవి. పెట్టె చెడ్డదేమోనని సంఖ్య చదివి వినిపించాను. గోడ ఆ పెట్టె మంచిదేనంది. పట్టీలు ఊడదీస్తానని చెప్పాను. అనుమతి లేకుండా తీస్తే ఆ మనిషికి ఆరు నెలల దాకా మళ్ళీ పట్టీ ఇవ్వరట. నియమం అదేనట.

ఐదింటికి పనికూత వేశాక అందరినీ గుమ్మం దగ్గర ఆపి ఆ మాట చెప్పాను. తీయించుకునేవాళ్ళు ఉంటే ఇప్పుడే తీస్తానన్నాను. ఎవరూ ముందుకు రాలేదు.

"పట్టీ లేకపోతే పలక పట్టలేను. పలక పట్టకపోతే గట్టు మీద ఉండనియ్యరు. ఇంక యాడికి పోయేది, సముద్రంలోకా?" అని వెంగయ్య అడిగాడు. వాడికి ముప్పై ఆరేళ్ళు. నడుము మాత్రం అరవై ఏళ్ళవాడిది.

"నిద్రలో పోతే పోతాంలే అక్కా. మెలకువతో పోయేదానికన్నా నయం."

"నోరు ముయ్యరా," అన్నాడు మా ఆయన.

"నువ్వు తీయించుకుంటావా బావా? ముందు నువ్వు తీయించుకో, తర్వాత నేను తీయించుకుంటా."

మా ఆయన పలక భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజు

గంటకోసారి తిరుగుతున్నాను. నేను పడుకోవడం లేదు. పది కన్నా తగ్గినవాళ్ళు ఇవాళ ముగ్గురు. ముగ్గురినీ లేపి కూచోబెట్టాను. మజ్జిగ తాగించాను. వాళ్ళు సణిగారు. ముక్కుమందు గొట్టాలు నాలుగే మిగిలాయి. కొత్తవి పదిహేనో రోజు పొద్దున పడవలో వస్తాయని గోడ చెప్పింది.

వానాకాలమంతా ఇవే పట్టీలు. ఇదే మోతాదు. ఇదే మనుషులు. అప్పుడు ఒక్కరికీ ఇట్లా కాలేదు. ఇప్పుడు ఏం మారింది? పని మారింది. పడుకునే వేళ మారింది. తిండి మారలేదు. సారా ఎవరూ ముట్టడం లేదు. నీళ్ళు అవే.

పట్టీ పెట్టెలోని కాగితం మళ్ళీ తీసి చదివాను. రెండు పట్టీలు ఒకేసారి వెయ్యరాదు. పట్టీని కత్తిరించరాదు. పుండు మీద వెయ్యరాదు. అధిక ఉష్ణము తగలరాదు. మేం ఎండలోకి పోము. ఎండ ఉన్నంతసేపూ సాలలోనే ఉంటాం. కాగితం మడిచి పెట్టేశాను.

భయపడుతున్నానని సాలలో ఎవరికీ తెలియకూడదు. నిద్రపోయేవాళ్ళ గుండెలు పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. దిగిన ప్రతిసారీ, మళ్ళీ లేస్తుందా అని నా ఊపిరి ఆగుతోంది.

పద్నాలుగో రోజు

ఏడూ నలభైకి మా ఆయన స్నానం చేసి వచ్చాడు. గంజన్నం తిన్నాడు. నడుము లాగుతోందన్నాడు. మస్తానమ్మత్త దగ్గర మూట తీసుకొచ్చి, నా చేత్తోనే ఆయన నడుము కింద పెట్టాను.

"కాలతందా?"

"ఉండనీ. హాయిగా ఉంది."

తొమ్మిదింటికి పదమూడు. పదకొండింటికి పదకొండు. పన్నెండింటికి సాల అవతలి చివర నుంచి మొదలుపెట్టాను. అక్కడ పదికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఆయన దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ ముప్పై ఐదు.

ఆరు.

అదే పుక్కిలింత గురక. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. గొట్టం కొట్టాను. నాలుగు నిమిషాలు ఆగి రెండోది కొట్టాను. పట్టీ తీసేద్దామని ఆయన్ని పక్కకి తిప్పాను. నియమం గుర్తు రాలేదు. గుర్తొచ్చినా తీసేదాన్నే. మూట పక్కకి లాగి వేలితో పట్టీ అంచు వెతికాను.

పట్టీ కాలుతోంది. మెత్తబడి, అంచులు వంకర తిరిగి, జిగురు కారి ఉంది. దాని కింద చర్మం ఉడికినట్టు ఎర్రగా ఉంది.

అప్పుడు తెలిసింది.

పట్టీ ఊడదీసి మడిచాను. ఆయన నడుము చల్లటి నీళ్ళతో కడిగాను. జిగురు నా వేళ్ళకి అంటింది. వేళ్ళూ కడుక్కున్నాను. వెంగయ్యని కొట్టి లేపి ఆయన పక్కన కూచోబెట్టాను. తర్వాత సాలంతా పరుగెత్తాను. నిద్రపోతున్నవాళ్ళని దొర్లించి, నడుముల కింది నుంచి మూటలు లాగి దారిలోకి విసిరేశాను. పట్టీ మీద మూట ఉన్నవాళ్ళు ఇరవై ఆరు మంది. మనుషులు లేచి నన్ను బూతులు తిట్టారు. ఒకాయన చెయ్యెత్తాడు. మూట విప్పి ఉప్పు ఆయన ఒళ్ళోనే పోశాను.

మస్తానమ్మత్త మూకుడు దగ్గరే కూచుని ఉంది.

"అత్తా, పొయ్యి ఆర్పు."

"ఏమయిందే?"

"వేడికి పట్టీలో మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగతంది. మూడు రోజుల్లో దిగాల్సింది పూటలోనే. కాపడం వల్లే."

ఆమె నా మొహం చూసింది. గరిటె చేతిలోనే ఉంది.

"పోలికి నేనే పెట్టా," అంది. "ఆ పొద్దు రెండు మూటలు పెట్టా. బాగుందక్కా, ఇంకోటి పెట్టమంది."

ఆమె చెంబుతో నీళ్ళు తీసుకుని పొయ్యి మీద పోసింది. పొగ లేచింది. లేచి నా వెంట మా ఆయన మంచం దగ్గరికి వచ్చింది.

గోడకి చెప్పాను. ఈసారి అది అడగకముందే చెప్పాను. ఇతర ఔషధములు లేవు, ఉప్పు మూట ఉంది, దశయ్యకీ ఉంది, పోలమ్మకీ ఉంది, ఇతనికి పెట్టింది నేనే అన్నాను. కాపడాన్ని మేం మందు అనుకోలేదు, అందుకే చెప్పలేదు అన్నాను.

గోడ మిగిలిన గట్ల లెక్కలు తీసింది.

"మూడవ గట్టుపై నలుగురు. ఆరవ గట్టుపై ఇద్దరు. అన్నియు హృదయ వైఫల్యములుగా నమోదైనవి," అంది. "తొలి ఉప్పు కాపడము అన్ని గట్లపైనను కలదా?"

"ఉప్పు లాగే ప్రతి గట్టు మీదా ఉంది."

"అన్ని గట్లకును తెలియజేయుచున్నాము. ఇక రోగి విషయము. చర్మము క్రింద నిలిచిన మందు రేపు ఉదయము వరకు దిగుచునే యుండును. నిద్రపోనీయరాదు. ఊపిరి ఎనిమిదికి తగ్గినచో మీ నోటితో ఊపిరి ఇవ్వవలెను. ఎట్లో చెప్పెదను."

ఒంటిగంటన్నరకి మూడో గొట్టం. రెండూ ఇరవై ఐదుకి నాలుగోది. అంతటితో అయిపోయాయి.

మూడూ పదికి ఆయన మళ్ళీ కిందికి పోవడం మొదలుపెట్టాడు. మంచం పక్క గోడకి ఆనించి కూచోబెట్టాం. తడిగుడ్డ మొహం మీద వేశాం. చెవి మెలిపెట్టాను. ఊ అన్నాడు, మళ్ళీ జారిపోయాడు. ఎనిమిది. ఏడు. పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, గోడ చెప్పినట్టు నా నోటితో ఊపిరి ఇచ్చాను. ఛాతీ లేచింది. నాది నేను తీసుకోవడం మర్చిపోయి కళ్ళు తిరిగాయి. మస్తానమ్మత్త నా వీపు మీద చెయ్యి వేసి "నువ్వూ పీల్చుకోవే," అంది. పది నిమిషాలకి ఆయన దగ్గాడు.

ఇంకా రేపు పొద్దుటిదాకా. అంతసేపు నేను ఒక్కదాన్నే ఊపిరి ఇవ్వలేను. ఇద్దాం అనుకున్నా ఆయన తట్టుకోలేడు. మెలకువగా ఉంచాలి. మంచి మాటలకి ఆయన కళ్ళు తెరవడం లేదు. పిల్లల పేర్లు చెప్పాను. తెరవలేదు.

వెంగయ్య వంగి ఆయన చెవి దగ్గర, "బావా, నీ మడి గట్టు తెగిందంట," అన్నాడు.

కనురెప్పలు కదిలాయి.

"నేను చూసొచ్చా. నువ్వు లాగిన ఉప్పంతా కాలవలో కలిసింది. గట్టు ఏసిందెవురో గానీ చిన్నపిల్లలు ఇసకలో ఏసుకున్నట్టు ఏశాడు."

"తెగలా," అన్నాడు మా ఆయన. మాట ముద్దగా వచ్చింది.

"తెగింది. నీ చేతి పని అట్టాంటిది మరి. మా అక్కని చేసుకున్న పొద్దే అనుకున్నా, ఈయనకి గట్టు నిలబెట్టడం చాతగాదని."

"నీ మొహం."

"నా మొహానికేం. పెళ్ళిలో పడవ దిగతా బురదలో పడింది నేనా? పంచె ఊడదీసి పిండుకున్నది నేనా?"

"నువ్వే తోశావు," అన్నాడు ఆయన. కళ్ళు తెరుచుకున్నాయి.

సాలలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ దగ్గరికి వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు ఆయన పక్కన కూచుని ఆయన చేసిన పొరపాట్లన్నీ తవ్వి తీశారు. చెడుగుడులో ఊపిరి ఆపలేక కూత మధ్యలో వదిలేసిన సంగతి ఒకడు చెప్పాడు. చెప్పి, ఏం అన్నాడో తోచి నాలిక కరుచుకున్నాడు. ఆయన మాత్రం దానికీ బదులు చెప్పాడు. మస్తానమ్మత్త ఆయన అరికాళ్ళు గిల్లుతూ, "నీ పెళ్ళాం వొండిన కూర ఎట్టుంటదో చెప్పు అబ్బయా," అంది.

"ఉప్పు ఎక్కువ," అన్నాడు.

ఐదింటికి పనికూత పడింది. ఎవరూ కదల్లేదు. కంపెనీ మనిషి మెట్ల దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయాడు.

పదిహేనో రోజు

పడవ ఆరింటికి వచ్చింది. ముక్కుమందు పన్నెండు గొట్టాలు. ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. ఆయన ఊపిరి పద్నాలుగు. రాత్రి నాలుగుసార్లు నా నోటితో ఊపిరి ఇవ్వాల్సొచ్చింది. తెల్లారేటప్పటికి వెంగయ్య గొంతు పోయింది. సైగలతో తిడుతున్నాడు.

పట్టీ ఊడదీసినందుకు ఆరు నెలల నియమం మా ఆయనకి వర్తించదని గోడ చెప్పింది. మిగిలినవాళ్ళకి పట్టీలు నడుము మీద నుంచి తీసి జబ్బ మీద వేశాను. ఇవాళ ఎవరూ ఎందుకని అడగలేదు.

మస్తానమ్మత్త మూకుడు కడిగి బోర్లించింది. పోలమ్మని పూడ్చిన చోటికి వెళ్ళి కూచుంది. ఎండ ఎక్కినా రాలేదు. తొమ్మిదింటికి నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

పదిహేడో రోజు

మా ఆయన వణుకుతున్నాడు. ముక్కు కారుతోంది. ఒళ్ళంతా గగుర్పాటు. కడుపులో పేగులు మెలిపెడుతున్నాయంటున్నాడు. ఐదు నెలలు ఒంట్లో ఉన్న మందు ఒక్కసారిగా పోతే ఇట్లాగే ఉంటుందని గోడ అంది. తక్కువ మోతాదు పట్టీ వేసి మెల్లగా మాన్పించవచ్చట. వద్దన్నాడు.

"ఇది పోయిందాకా అరుస్తా. నువ్వు పట్టించుకోబాక," అన్నాడు.

అరిచాడు. పట్టించుకోకుండా ఎట్లా ఉంటాను. పక్కవాళ్ళు చెవుల్లో గుడ్డలు పెట్టుకుని పడుకున్నారు. సాలలో అందరికన్నా తక్కువ పన్నెండు.

ఇరవయ్యో రోజు

అరుపులు ఆగాయి. నొప్పి తిరిగొచ్చింది. పలక పట్టలేకపోతున్నాడు. గట్లు పూడ్చే పనికి మార్చారు. అది కూచుని చెయ్యొచ్చు.

మూడో గట్టు నుంచి కబురు వచ్చింది. అక్కడ కాపడం ఆపేశాక ఎవరూ పోలేదట. ఒకామె మాత్రం దొంగచాటుగా మూట పెట్టుకుంది. లేపేసరికి ఊపిరి ఐదు. బతికింది గానీ ఎడమ చెయ్యి కదలడం లేదట.

పట్టీ వేసుకున్న ప్రతి మనిషి నడుమూ ఇప్పుడు నేనే తడిమి చూస్తున్నాను. గుడ్డల మధ్య మూట ఉందేమోనని. కొందరికి కోపం వస్తోంది.

ఇరవై నాలుగో రోజు

పొద్దున మా ఆయన గట్టు నుంచి వంగి నడుస్తూ వచ్చాడు. మెట్ల మీద రెండుసార్లు ఆగాడు. గోడ చిన్న మోతాదు పట్టీ ఇస్తానంది, ఛాతీ మీద వేసేట్టు, రెండు పూటలా చూసేట్టు. నేను పట్టీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు దాన్ని చూశాడు.

"ఆ మధ్యాహ్నం నేను యాడున్నానో నాకు తెలవదు. నొప్పి ల్యా. భయం ల్యా. మీరెవరూ గుర్తుకు రాలా," అన్నాడు. "పోతన్నానని కూడా తెలవలా. అది నాకొద్దు."

"మరి నొప్పి?"

"ఉప్పు కాచి పెట్టు."

"నేను పెట్టను."

"పట్టీ లేదుగదా ఒంటి మీద. పది రోజులైంది తీసి."

పట్టీ లేని ఒంటికి కాపడంతో ప్రమాదం లేదని గోడ కూడా అంది. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పింది. మస్తానమ్మత్త మూకుడు ఇవ్వనంది. మా గిన్నెలోనే ఉప్పు వేడి చేశాను. మూట కట్టాను. ఆయన బోర్లా పడుకున్నాడు. నడుము మీద పట్టీ మచ్చ ఇంకా నలుచదరంగా ఉంది. తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ తుడిచాను. వీపంతా, జబ్బలు, చంకలు, మెడ తడిమి చూశాను. ఏమీ లేదు. లేదని నాకు తెలుసు, తీసింది నేనే.

మూట పట్టుకుని కూచున్నాను. నా చేతుల్లోనే చల్లారింది.

"ఏందే?" అన్నాడు.

మళ్ళీ వేడి చేశాను. అదీ చల్లారింది.

మూడోసారి ఆయనే చెయ్యి వెనక్కి చాపి, నా చేతుల్లోంచి మూట లాక్కుని నడుము మీద వేసుకున్నాడు. అబ్బా అన్నాడు. ఒళ్ళు సడలింది. కాసేపటికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"లెయ్," అన్నాను.

"నిద్రొస్తాంది."

"వద్దు. మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

"ఏదో ఒకటి."

మడి గట్టు సంగతి చెప్పాడు. అది నిజంగానే కొంచెం తెగిందని ఒప్పుకున్నాడు. కళ్ళు మూసినప్పుడల్లా భుజం పట్టి కుదిపాను. తిట్టాడు. మూట చల్లారిపోయింది. అయినా కుదుపుతూనే ఉన్నాను. ఐదింటికి పనికూత పడేదాకా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.